పొలానికి మంచి నీళ్లు ట్రేకు మంచి నీళ్లు కావు

ఆషాఢం వచ్చిందంటే మన పల్నాడు పల్లెల్లో ఎవరి నోట విన్నా మిర్చి నారు మాటే. ఏ రకం పోశావు, ఎన్ని ట్రేలు పోశావు, మొలక ఎంత వచ్చింది అని అడుగుతారు గాని, ఏ నీళ్లు పోస్తున్నావు అని అడిగినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. ఈ వారం ఆ నీళ్ల గురించే రాస్తున్నాను. ఎకరం, రెండెకరాలు మిర్చి వేసుకునే మనలాంటి వాళ్లకు నారు దశలో పోయే డబ్బు పెద్ద నష్టం. అందులో సగం మనం తెలియక పోగొట్టుకునేదే అని నా అభిప్రాయం.

ముందు నా సంగతి చెబుతాను. 2022 జులైలో ఎకరానికి సరిపడా 130 ట్రేలు, ట్రేకు 98 గుంటల లెక్కన, కొబ్బరి పొట్టు నింపి సొంతంగా నారు పోసుకున్నాను. మొలక బాగా వచ్చింది. పద్దెనిమిదో రోజుకు చిగురాకులు పసుపు రంగుకు తిరిగాయి. అంతకు ముందు ఏడాది, 2021-22లో, నల్ల తామర పురుగు మిర్చి తోటల్ని ఎలా ఊడ్చేసిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ దెబ్బ తిన్నాక ఆకు కాస్త రంగు మారితే చాలు, గుండె జారిపోయేది. రెండు ఆకులు తుంచి మందుల కొట్టుకు పట్టుకెళ్లాను. "బాబాయ్, ఇది తామర పురుగే. ఆలస్యం చేయొద్దు, ఈ రెండూ కలిపి కొట్టండి" అన్నాడు కొట్టు కుర్రాడు. కొట్టాను. ఐదు రోజులు చూశాను, పసుపు ఇంకా ఎక్కువైంది. మళ్లీ వెళ్తే ఇంకో సీసా ఇచ్చాడు. అదీ కొట్టాను.

ఆఖరికి విషయం బయటపెట్టింది మా పెద్దమ్మ. ట్రేల దగ్గరకొచ్చి చూసి, "ఆ బోరు నీళ్లకి కందిపప్పే ఉడకదు, నారెట్టా బతుకుద్దిరా అబ్బాయ్?" అంది. నవ్వి ఊరుకున్నాను. రాత్రి స్నానానికి నీళ్లు కాగే కాగు అడుగున చూస్తే వేలు మందాన తెల్లటి పెంకు కట్టి ఉంది. మర్నాడు సీసాలో బోరు నీళ్లు పట్టి పరీక్షకు ఇచ్చాను. నీటి ఉదజని సూచిక 7.8. బైకార్బనేట్లు లీటరుకు 6 మిల్లీ ఈక్వివలెంట్లు. ట్రేల్లోని కొబ్బరి పొట్టు ఉదజని సూచిక 7.6కు ఎక్కి కూర్చుంది. పురుగూ లేదు, తెగులూ లేదు. నలభై ట్రేలు అప్పటికే పనికిరాకుండా పోయాయి. వాటి బదులు నారు కొనాల్సి వచ్చింది.

ఉదజని సూచిక అంటే మనందరికీ నేల పరీక్ష కార్డు మీద చూసిన అంకె. 7 అయితే తటస్థం, తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. కొబ్బరి పొట్టులో పెంచే నారుకు వేళ్ల దగ్గర ఇది 5.5 నుంచి 6.5 మధ్య ఉంటే బాగుంటుంది. 7 దాటిందంటే ఇనుము, మాంగనీసు, జింకు వేరుకు అందని రూపంలోకి మారిపోతాయి. ట్రేలో ఇనుము ఉండదని కాదు. ఉన్నా మొక్క తీసుకోలేదు. గాదెలో ధాన్యం ఉండి తాళంచెవి లేనట్టు.

ఇది మనకు కొత్త సంగతేం కాదు. మెట్ట వరి నారుమళ్లలో ఆకులు తెల్లగా పాలిపోతే అన్నభేది కొట్టాలని మన పెద్దలకు తెలుసు. అన్నభేదిలో చిటికెడు నిమ్మ ఉప్పు కలపమని కూడా చెబుతారు. ఎందుకు కలుపుతామో ఎప్పుడైనా అడిగారా? మన నీళ్లలో ఉన్న క్షారం అన్నభేదిలోని ఇనుమును తుప్పులా గడ్డకట్టించి డ్రమ్ము అడుగుకు దించేస్తుంది. అలా కాకుండా నిమ్మ ఉప్పు దాన్ని కరిగి ఉండేలా పట్టి ఉంచుతుంది. స్ప్రేయరు డబ్బాలో జరిగే ఆ తంతే ట్రే గుంటలో వేళ్ల దగ్గర రోజూ జరుగుతోంది. డబ్బాలో నిమ్మ ఉప్పు వేయడం నేర్చుకున్నాం గాని, ట్రే సంగతి పట్టించుకోలేదు.

"మా నాన్న ఈ బోరు నీళ్లతోనే నారు పెంచాడు, ఎప్పుడూ ఇట్టా కాలేదే" అని మీరు అనొచ్చు. నిజమే. మీ నాన్నగారు నారు పోసింది ఎత్తు మళ్లలో, మట్టి, చివికిన పశువుల ఎరువు కలిపి. ఎకరానికి సెంటు నారుమడి. ఆ మడిలో మొక్క వేరుకు చుట్టూ జానెడు లోతు మట్టి ఉంటుంది, దానిలో సేంద్రియ పదార్థం ఉంటుంది, వాన పడితే కడిగేస్తుంది. నీళ్లలోని క్షారాన్ని అది చాలావరకు తట్టుకుంటుంది. ట్రేలో ఆ దన్ను లేదు. 98 గుంటల ట్రేలో ఒక్కో గుంటలో పట్టేది పాతిక మిల్లీలీటర్ల పొట్టు. అంటే అయిదు టీ చెంచాలు.

ఇప్పుడు లెక్క వేయండి. ట్రేకు రోజుకు లీటరు నీళ్లు పోస్తామనుకుంటే నెలకు 30 లీటర్లు. లీటరుకు 6 మిల్లీ ఈక్వివలెంట్ల బైకార్బనేట్లున్న నీళ్లయితే, ఆ 30 లీటర్లతో పాటు ట్రేలోకి పోసిన క్షారం 9 గ్రాముల సున్నపురాయి పొడితో సమానం. కొంత అడుగు రంధ్రాల్లోంచి కారిపోతుంది, అంతా నిలవదు. అయినా రెండున్నర లీటర్ల పొట్టులో అన్ని గ్రాముల సున్నం ఎవరైనా చెంచాతో కొలిచి కలుపుతుంటే చెయ్యి పట్టుకుని ఆపుతారు. నీళ్ల రూపంలో పోస్తే ఎవరూ ఆపరు.

అందుకే పొలానికి మంచివని తేలిన నీళ్లు ట్రేకు మంచివి కాకపోవచ్చు. సాగునీటి పరీక్షలో మనవాళ్లు ముఖ్యంగా చూసేది అవశేష సోడియం కార్బనేటు. అది 1.25 కంటే తక్కువైతే నీళ్లు పొలానికి క్షేమం అంటారు. సున్నం ఎక్కువున్న నీళ్లలో బైకార్బనేట్లు 6 ఉన్నా, కాల్షియం, మెగ్నీషియం కూడా అంతే ఉంటే ఈ లెక్క సున్నాకు వస్తుంది. కాగితం మీద 'అనుకూలం' అని రాస్తారు. వాళ్లు రాసింది తప్పు కాదు, మనం అడిగింది పొలం గురించి. ట్రేల నారుకైతే బైకార్బనేట్లు లీటరుకు 2 మిల్లీ ఈక్వివలెంట్ల లోపు ఉండాలి. పిడుగురాళ్లకు సున్నం ఊరని పేరున్న జిల్లా మనది. నేల కింద సున్నపురాయి పెట్టుకుని బోరు నీళ్లలో సున్నం లేదనుకోవడం మన పొరపాటు.

ఇక్కడ చాలామంది తికమక పడే విషయం ఒకటి ఉంది. నీటి ఉదజని సూచిక వేరు, నీటి క్షారత్వం వేరు. ఉదజని సూచిక 8 ఉన్నా బైకార్బనేట్లు తక్కువైతే ఆ నీళ్లు ట్రేను అంతగా మార్చలేవు. 7.4 మాత్రమే ఉన్నా బైకార్బనేట్లు 6 ఉంటే నెల తిరిగేసరికి ట్రే పాడవుతుంది. కాబట్టి పెన్ను మీటరు ముంచి అంకె చూసి 'మన నీళ్లు మంచివే' అనుకోవద్దు. పరీక్ష కాగితంలో బైకార్బనేట్ల గడి చూడండి. పెద్దమ్మ పప్పు పరీక్షకు కూడా ఒక హద్దుంది. సోడా ఉప్పు గుణం ఉన్న నీళ్లు కొన్ని ఊళ్లలో ఉంటాయి. వాటిలో పప్పు ఇట్టే ఉడుకుతుంది, కాగులో పెంకు కూడా అంతగా కట్టదు. ట్రేకు మాత్రం అవి సున్నం నీళ్ల కంటే చేటు.

నీళ్ల మీదే తప్పంతా వేయడానికి లేదు, పొట్టు సంగతీ చూడాలి. కోనసీమ నుంచి, పొళ్లాచ్చి నుంచి మనకు వచ్చే కొబ్బరి పొట్టు సహజంగా కొద్దిపాటి ఆమ్ల గుణంతోనే ఉంటుంది. అది మంచిదే. కాని కొబ్బరి చెట్టు ఉప్పు నేల చెట్టు, డొక్కను నానబెట్టేది కూడా చాలాచోట్ల ఉప్పు నీళ్లలో. పొట్టు తన ఒంట్లో పొటాషియం, సోడియం పట్టుకుని ఉంటుంది. మనం కాల్షియం, మెగ్నీషియం ఇస్తే వాటిని లాక్కుని ఆ సోడియం, పొటాషియంను వదులుతుంది. మొక్కకు అందాల్సింది అందదు, అక్కర్లేనిది ఎక్కువైపోతుంది. అందుకని కొత్త పొట్టును రెండు మూడుసార్లు మంచి నీళ్లతో కడగాలి. తర్వాత 5 కిలోల దిమ్మకు సుమారు 100 గ్రాముల కాల్షియం నైట్రేటు నీళ్లలో కరిగించి ఒక రాత్రి నాననిచ్చి, మళ్లీ ఒకసారి కడిగి వాడుకోవాలి. కడిగి, శుద్ధి చేసిన పొట్టు అని సంచి మీద రాసి ఎక్కువ ధరకు అమ్మేదీ ఉంది. నిజంగా కడిగారో లేదో తెలియాలంటే నానబెట్టిన నీళ్లలో లవణాలు కొలిచే పెన్ను పెట్టి చూడటం తప్ప దారి లేదు.

సంచి మాట వచ్చింది కాబట్టి ఒక మాట అంటాను. యూరియా బస్తా మీద నత్రజని ఎంతో రాసి ఉంటుంది. విత్తనం పొట్లం మీద మొలక శాతం రాసి ఉంటుంది. నేను కొన్న పొట్టు సంచి మీద కొబ్బరి చెట్టు బొమ్మ, ఫోను నంబరు తప్ప ఏమీ లేదు. లవణాలు ఎంత, ఉదజని సూచిక ఎంత అనే రెండు అంకెలు వేయడానికి అమ్మేవాళ్లకు ఎంత ఖర్చవుతుంది? మన దగ్గర ఉద్యాన నర్సరీల నియంత్రణకు 2010లో చట్టం వచ్చింది. నారు అమ్మే ప్రతి షేడ్‌నెట్ దగ్గర ఆ ఏడాది నీటి పరీక్ష కాగితం గోడకు తగిలించి ఉంచమని అడగడం అత్యాశ కాదు. 2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలై, 2024లో రైతు సేవా కేంద్రాలుగా పేరు మారిన మన ఊరి కేంద్రాల్లో ఒక ఉదజని సూచిక పెన్ను, దాన్ని సరిచూసే 4, 7 అంకెల ద్రావణాలు ఉంచితే ఊరంతా వాడుకోవచ్చు. నేల కార్డులు ఇచ్చినంత పట్టుదలతో నారు నీళ్లను ఎవరూ పట్టించుకోవడం లేదు. అడగనిదే ఎవరూ ఇవ్వరు కనుక ముందు మనమే అడగాలి.

ట్రేలో ఉదజని సూచిక చూడటం కష్టమేం కాదు. నాలుగైదు ట్రేల్లోంచి తలా రెండు మొక్కల పొట్టు తీసి కలపండి. ఒక గ్లాసు పొట్టుకు రెండు గ్లాసుల బ్యాటరీ నీళ్లు పోయండి. బ్యాటరీలో పోసే శుద్ధ జలం అంటున్నాను, బ్యాటరీ యాసిడ్ కాదు, జాగ్రత్త. అరగంట ఆగి, గుడ్డలో వడగట్టి, ఆ నీళ్లలో పెన్ను గాని, రంగు మారే కాగితం గాని ముంచండి. మొలక వచ్చిన వారం నుంచి నారు పీకేదాకా వారానికొకసారి చూస్తే చాలు. 6.5 దాటి పైకి పోతోందంటే ఆకు రంగు మారక ముందే మీకు కబురు అందినట్టు. ఒక్కటి మాత్రం, పెన్ను కొన ఎండిపోతే అది అబద్ధం చెబుతుంది. కొనేటప్పుడే దాన్ని ఎలా దాచాలో అడిగి తెలుసుకోండి.

పసుపు కనిపించాక పురుగో పోషక లోపమో ఎలా తెలుస్తుందంటారా? ఇనుము లోపమైతే పై చిగురాకుల్లోనే మొదలవుతుంది. ఈనెలు ఆకుపచ్చగా ఉండి, ఈనెల మధ్య భాగం పసుపవుతుంది, ఆకు ముడుచుకోదు. నత్రజని తక్కువైతే కింది ముదురాకులు ముందు పసుపవుతాయి. తామర పురుగైతే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి, నల్లి అయితే కిందికి. తెల్ల కాగితం మీద మొక్కను తట్టి చూడండి, పురుగుంటే కాగితం మీద కదులుతుంది. నేను ఈ పని ఆ రోజు చేసి ఉంటే మూడు సీసాల డబ్బు మిగిలేది. ఇంకో మాట, ముసురు పట్టినప్పుడు కూడా అలవాటుగా రోజూ నీళ్లు పోస్తే పొట్టు ఊపిరాడక వేళ్లు దెబ్బతిని అచ్చం ఇలాంటి పసుపే వస్తుంది. ట్రే ఎత్తి బరువు చూసి నీళ్లు పోయండి.

ఇక చేయాల్సింది. తేలికైనది నిమ్మ ఉప్పు. ఒక బకెట్టు బోరు నీళ్లు పట్టుకుని, నిమ్మ ఉప్పు గ్రాము గ్రాము చొప్పున వేసి కలుపుతూ ఉదజని సూచిక 6కు వచ్చేదాకా చూసుకుని, ఆ లెక్కన డ్రమ్ముకు కలుపుకోవచ్చు. లీటరుకు 6 మిల్లీ ఈక్వివలెంట్ల నీళ్లయితే 100 లీటర్లకు 40 గ్రాములు అటూ ఇటూగా పడుతుంది. అయితే నిజం చెప్పాలి. నిమ్మ ఉప్పును పొట్టులోని సూక్ష్మజీవులు తినేస్తాయి, తిన్నాక క్షారం చాలావరకు మళ్లీ తల ఎత్తుతుంది. అందుకని ఏ రోజుది ఆ రోజే కలిపి పోయాలి, దాన్నే నమ్ముకుని కూర్చోకూడదు. ఫాస్ఫారిక్ ఆమ్లమైతే నిలకడగా పనిచేస్తుంది గాని, చెయ్యి కాలుతుంది, మోతాదు దాటితే భాస్వరం ఎక్కువై అదీ ఇనుమును కట్టేస్తుంది. డ్రిప్పు పైపులు కడగడానికి తెచ్చిన ఆమ్లం ఇంట్లో ఉంది కదా అని గుడ్డిగా పోసే పని పెట్టుకోవద్దు. ఏ ఆమ్లమైనా నీళ్లలో ఆమ్లం పోయాలే గాని ఆమ్లంలో నీళ్లు పోయరాదు.

నా ఓటు వాన నీళ్లకు. మనం నారు పోసేదే వానాకాలంలో. ఆకాశం నుంచి బైకార్బనేటు దాదాపు లేని నీళ్లు పడుతుంటే, వాటిని వీధిలోకి వదిలేసి బోరు స్విచ్చి వేస్తున్నాం. ఇరవై అడుగులు, పదిహేను అడుగుల రేకుల కప్పు ఉందనుకోండి. దాని మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 2,800 లీటర్లు దిగుతాయి. ఎకరం నారు 130 ట్రేలకు రోజుకు లీటరు చొప్పున 35 రోజులకు 4,550 లీటర్లు. కొంత దారిలో పోయినా, రెండు మంచి వానల నీళ్లు దాచుకుంటే నారు గట్టెక్కుతుంది. అంత దాచే చోటు లేకపోతే సగం వాన నీళ్లు, సగం బోరు నీళ్లు కలిపినా క్షారత్వం సగమవుతుంది. తొలి వాన దుమ్ముతో వస్తుంది, వదిలేయండి. ప్లాస్టిక్ డ్రమ్ములో పట్టి, దోమలు పడకుండా గుడ్డ కట్టండి. కొత్తగా కట్టిన సిమెంటు తొట్టిలో మాత్రం పట్టొద్దు, ఆ సిమెంటు సున్నం నీళ్లలోకే దిగుతుంది. వానలు ముఖం చాటేస్తే ఊళ్లో మంచినీళ్ల ప్లాంటు నుంచి క్యాన్లు తెచ్చి బోరు నీళ్లలో కలుపుకున్నా నేరం కాదు. ప్లాంటు వెనక గొట్టంలోంచి బయటికి వదిలే నీళ్లు మాత్రం ఉచితంగా వస్తున్నాయని తెచ్చుకోవద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది.

వాన నీళ్లలో కాల్షియం ఉండదు కాబట్టి వారానికొకసారి లీటరుకు గ్రాము కాల్షియం నైట్రేటు పోయండి. 19:19:19 పోసే రోజు వేరు, ఇది పోసే రోజు వేరు. రెండూ ఒకే డబ్బాలో కలిపితే కాల్షియం, భాస్వరం పట్టుకుని అడుగున తెల్లగా గడ్డకడతాయి.

ఇప్పటికే పసుపెక్కిన నారు ఉన్నవాళ్లు ముందు నీళ్లు మార్చండి. అప్పుడు లీటరుకు 2 గ్రాములకు మించకుండా అన్నభేది, అర గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట పది మొక్కల మీద కొట్టి, రెండు రోజులు ఆగి, ఆకు మాడకపోతే మిగతా వాటికి కొట్టండి. కొట్టులో ఇనుము చిలేటు అడిగితే అందులో రెండు రకాలుంటాయి. ఇ.డి.టి.ఎ. రకం చవక, పిచికారీకి పనికొస్తుంది గాని ఉదజని సూచిక 6.5 దాటిన పొట్టులో పోస్తే పట్టు వదిలేస్తుంది. ఇ.డి.డి.హెచ్.ఎ. రకం అక్కడా నిలుస్తుంది, ధర మాత్రం బాగా ఎక్కువ. నీళ్లు మార్చకుండా ఏది కొట్టినా వారం ముచ్చటే.

నీళ్లు మార్చే వీలు అసలే లేదనుకునేవాళ్లు ట్రేల జోలికి పోకుండా సెంటు భూమిలో ఎత్తు మడి కట్టుకోండి, పైన నైలాన్ వల వేసుకోండి. ట్రేలో పెంచితేనే రైతు అన్నట్టు మాట్లాడేవాళ్ల మాట పట్టించుకోవద్దు. నారు కొనేవాళ్లయితే డబ్బు ఇచ్చే ముందు వేర్వేరు ట్రేల్లోంచి నాలుగు మొక్కలు పీకి చూడండి. చిగురు కొద్దిగా పసుపుగా ఉన్నా వేళ్లు తెల్లగా, గుంట నిండా అల్లుకుని ఉంటే పొలంలో వేశాక తేరుకుంటుంది. వేళ్లు గోధుమ రంగుకు తిరిగి, పట్టుకుంటే పొర ఊడివస్తుంటే ఎంత తగ్గించి ఇస్తానన్నా ఆ ట్రేలు అక్కడే వదిలి రండి.